అమెజాన్ ముంపు అడవి నుంచి మూడడుగుల అక్వేరియానికి

ఏంజెల్ ఫిష్‌ను కొనేటప్పుడు అది రూపాయి బిళ్లంత ఉంటుంది. దుకాణదారు పాలిథిన్ కవర్లో కాసిని నీళ్లు పోసి, గాలి నింపి, నాలుగు పిల్లల్ని కట్టి ఇస్తాడు. ధర తక్కువ, రూపం అందం, ఇంట్లో పిల్లలకు ముచ్చట. అందుకే చాలా ఇళ్లలో అవి నేరుగా గుండ్రటి గాజు గిన్నెలోకో, టీవీ పక్కన పెట్టే అడుగున్నర తొట్టిలోకో చేరతాయి. మంచి తిండి, సరిపడా చోటు దొరికితే ఏడాది తిరిగేసరికి అదే చేప అరచేతిని కప్పేంత అవుతుంది. బాగా ఎదిగిన ఏంజెల్ మూతి నుంచి తోక దాకా 15 సెంటీమీటర్లు, పై రెక్క కొస నుంచి కింది రెక్క కొస దాకా 20 సెంటీమీటర్లకు పైగా ఉంటుంది. పొడవు కంటే ఎత్తే ఎక్కువ. పదేళ్ల దాకా బతకగలిగిన ఈ చేపకు గాజు గిన్నెలో పడితే మొదటి నెల దాటడమే కష్టం.

తొట్టి ఎత్తు ఎంత ఉండాలి, నీరు ఎంత వెచ్చగా ఉండాలి, పక్కన ఏ చేపను ఉంచాలి, ఏది ఉంచకూడదు లాంటి ప్రశ్నలకు దుకాణంలో ఒక్కొక్కరు ఒక్కో జవాబు చెబుతారు. ఈ చేప ఎక్కడ పుట్టిందో, అక్కడ ఎలా బతుకుతోందో తెలుసుకుంటే ఆ జవాబుల్లో ఏది సరైనదో ఎవరికి వారే తేల్చుకోవచ్చు.

ఆ ఆకారం ఎందుకు?

ఏంజెల్ ఫిష్ సొంతూరు దక్షిణ అమెరికా. పెరూ, కొలంబియా, బ్రెజిల్ దేశాల మీదుగా పారే అమెజాన్, దాని ఉపనదులు, పక్కనే ఉన్న గయానాల నదులు దీని నివాసం. బ్రెజిల్‌లోని మనౌస్ నగరం దగ్గర నీటిమట్టం ఏటా సగటున 10 మీటర్ల మేర పెరిగి తగ్గుతుంది. వరద కాలంలో నీరు గట్లు దాటి అడవిలోకి చొరబడి నెలల తరబడి అక్కడే నిలిచిపోతుంది. చెట్ల కాండాలు, వేళ్లు, కూలిన మానులు, గట్టు మొక్కలు అన్నీ నీటిలోనే ఉంటాయి. ఏంజెల్ తిరిగేది నది నడిమి వేగంలో కాదు, ప్రవాహం దాదాపు ఆగిపోయిన ఈ చిక్కటి నీడల్లో.

పక్కల నుంచి నొక్కినట్టుండే ఆ పళ్లెం లాంటి ఒంటితో ఉరవడిగా పారే నీటికి ఎదురీదడం కష్టం. వేళ్ల సందుల్లో మాత్రం అదే దానికి బలం. ఎదురుగా వచ్చేటప్పుడు తమలపాకు అంచంత సన్నగా కనిపిస్తుంది. పక్కకు తిరిగితే ఒంటి మీది నల్లటి నిలువు చారలు కాండాల నీడల్లో కలిసిపోతాయి. పెద్ద చేపల కంట పడకుండా తప్పించుకోవడానికీ, చిన్న చేపలు, పురుగులు, లార్వాలు దగ్గరికొచ్చేదాకా కదలకుండా కాచుకుని ఒక్క ఉదుటున మింగడానికీ ఈ మరుగు పనికొస్తుంది. నెమ్మదిగా, హుందాగా తిరిగే ఏంజెల్ నిజానికి మాటు వేసి వేటాడే చేప.

చారలు ఎప్పుడూ ఒకేలా ఉండవు. చర్మంలోని నల్ల రంగు కణాల్లో మెలనిన్ రేణువులు విస్తరిస్తే చార ముదురుతుంది, కణం మధ్యకు కుంచించుకుంటే పాలిపోతుంది. భయపడినప్పుడు, కయ్యానికి దిగినప్పుడు, గుడ్లకు కాపలా కాసేటప్పుడు నిమిషాల్లో ఈ మార్పు కనిపిస్తుంది. రోజూ చూసే పెంపకందారు చారల తీరును బట్టే తొట్టిలో ఏదో తేడా వచ్చిందని పసిగడతాడు.

శాస్త్రవేత్తలు ఈ ప్రజాతిని టెరోఫిల్లమ్ అంటారు. ఇందులో మూడు జాతులను గుర్తించారు. దుకాణాల్లో దొరికేవన్నీ దాదాపు టెరోఫిల్లమ్ స్కేలారే సంతతివే. అమెజాన్ ఉపనది రియో నెగ్రో ఎగువన, ఒరినోకో నదీ ప్రాంతంలో ఉండే ఆల్టమ్ 30 సెంటీమీటర్లకు మించిన ఎత్తు పెరుగుతుంది. బాగా ఆమ్లగుణం ఉన్న వెచ్చటి నీరు కోరుకునే ఆల్టమ్‌ను పెంచడం అనుభవజ్ఞులకు కూడా పరీక్షే. మూడోది లియోపోల్డి, పరిమాణంలో అన్నిటికన్నా చిన్నది. సముద్రపు పగడపు దిబ్బల్లో ఉండే ఏంజెల్ చేపలకూ వీటికీ పేరు తప్ప చుట్టరికం లేదు.

అసలు చుట్టాలు మనకు బాగా తెలిసినవే. ఏంజెల్ సిక్లిడ్ కుటుంబానికి చెందింది. చేపల మార్కెట్లో అమ్మే తిలాపియా, కేరళలో కరిమీన్ పేరుతో ప్రసిద్ధమై మన పులికాట్ సరస్సులోనూ దొరికే చేప, రెండూ ఆ కుటుంబంలోవే. ఈ కుటుంబంలో భారత్, మడగాస్కర్‌లకు చెందిన శాఖ మిగతావాటి నుంచి చాలా ముందే విడిపోయింది. మడగాస్కర్, భారత్ భూభాగాలు సుమారు 8.8 కోట్ల ఏళ్ల కిందట వేరుపడ్డాయి. సిక్లిడ్లు ఖండాలతో పాటే విడిపోయాయా, తర్వాత సముద్రాలు దాటి విస్తరించాయా అనేది జీవశాస్త్రంలో ఇంకా నడుస్తున్న చర్చ. ఈ కుటుంబంలో చేపలన్నిటికీ గొంతులో రెండో దవడల జత ఉంటుంది. బయటి దవడలు పట్టుకుంటే లోపలి దవడలు నలుపుతాయి. మరో ఉమ్మడి లక్షణం, గుడ్లనూ పిల్లలనూ శ్రద్ధగా సాకడం. ఏంజెల్ పెంపకంలో అసలు ఆసక్తి అక్కడే ఉంది.

తొట్టికి ఎత్తు కావాలి

ఏంజెల్ తొట్టిని ఎంచుకునేటప్పుడు ముందు చూడాల్సింది ఎత్తు. రెక్కలు విప్పి నిలువునా తిరగాలంటే కనీసం 45 సెంటీమీటర్ల లోతు కావాలి. ఎత్తు చాలని తొట్టిలో పొడవాటి రెక్కలు వంకరపోతాయి. ఒక జంటకు 100 లీటర్లకు తగ్గకుండా ఉండాలి. ఆరు పిల్లల గుంపును పెద్దయ్యేదాకా పెంచాలంటే 200 లీటర్ల దాకా అవసరం. మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు ఉన్న తొట్టిలో సుమారు 190 లీటర్లు పడతాయి. అద్దం, గులకరాళ్లు, స్టాండు కలిపితే బరువు 250 కిలోల దాకా వస్తుంది కాబట్టి దాన్ని ఎక్కడ పెట్టాలో ముందే ఆలోచించుకోవాలి. నేరుగా ఎండ పడే కిటికీ పక్కన పెడితే నాచు పెరుగుతుంది, నీరు వేడెక్కుతుంది.

లోపలి అమరిక ముంపు అడవిని తలపించాలి. నిలువుగా పెరిగే వాలిస్‌నేరియా, వెడల్పాటి ఆకుల అమెజాన్ స్వోర్డ్, నానబెట్టిన చెట్టు వేళ్లు ఉంటే చాలు. ఒకదాని చూపు నుంచి మరొకటి తప్పుకోవడానికి చాటు ఉంటే కయ్యాలు తగ్గుతాయి. ఫిల్టర్ నీటిని జోరుగా చిమ్మకూడదు. ప్రవాహానికి ఎదురు నిలవడానికే బలమంతా ఖర్చు చేసుకునే ఏంజెల్ ఎదగదు. చిన్న ఎయిర్ పంపుతో నడిచే స్పాంజ్ ఫిల్టర్లు ఈ చేపలకు బాగా సరిపోతాయి. పెద్ద తొట్టికి రెండు పెట్టుకోవచ్చు.

నీటిని బాగుచేసే బ్యాక్టీరియా

కొత్త తొట్టి తెచ్చిన రోజే చేపల్ని వదలడం వల్ల పోయినన్ని ప్రాణాలు బహుశా ఏ రోగం వల్లా పోవు. నీరు అద్దంలా తేటగా ఉంటుంది, మోటారు తిరుగుతూ ఉంటుంది, తిండి వేస్తూనే ఉంటారు. వారం, పది రోజుల్లో చేపలు పైకొచ్చి గాలి కోసం తంటాలు పడి ఒక్కొక్కటే చనిపోతాయి. కారణం అమ్మోనియా. భీమవరం, కైకలూరు వైపు చెరువు రైతులకు ఈ మాట బాగా తెలుసు. అక్వేరియం కొన్నవారికి మాత్రం చెప్పేవారుండరు.

చేప తిన్న మాంసకృత్తుల నుంచి వచ్చే వ్యర్థం ఎక్కువగా అమ్మోనియా రూపంలో మొప్పల ద్వారా బయటికి పోతుంది. నదిలో అది క్షణాల్లో పలచబడిపోతుంది. తొట్టిలో పేరుకుంటుంది. దాన్ని తినే బ్యాక్టీరియా ఫిల్టర్ స్పాంజిలో, గులకరాళ్ల మీద నెమ్మదిగా పెరుగుతుంది. నైట్రోసోమోనాస్ లాంటి సూక్ష్మజీవులు అమ్మోనియాను నైట్రైట్‌గా మారుస్తాయి. నైట్రైట్ కూడా విషమే. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ప్రాణవాయువు మోయలేని రూపంలోకి మార్చేస్తుంది, రక్తం గోధుమ రంగుకు తిరుగుతుంది. రెండో రకం బ్యాక్టీరియా ఈ నైట్రైట్‌ను అంతగా హాని చేయని నైట్రేట్‌గా మారుస్తుంది. ఈ రెండో పని నైట్రోబ్యాక్టర్ చేస్తుందని పాఠ్యపుస్తకాల్లో చాలాకాలం రాసుకున్నారు. టిమొతీ హొవానెక్ బృందం 1998లో ప్రచురించిన పరిశోధన మంచినీటి అక్వేరియాల్లో ఆ పని చేస్తున్నది నైట్రోస్పైరా అని చూపింది.

ఈ రెండు రకాలూ తగినంతగా పెరగడానికి సాధారణంగా 4 నుంచి 6 వారాలు పడుతుంది. అందుకే తొట్టిలో నీళ్లు నింపి, ఫిల్టర్ నడిపిస్తూ, రోజూ చిటికెడు చేపల మేత వేస్తూ చేపలు లేకుండానే ఆ గడువు గడపాలి. ఎవరి దగ్గరైనా ఆరోగ్యంగా నడుస్తున్న తొట్టి ఉంటే అందులోని పాత స్పాంజిని అడిగి తెచ్చుకుంటే గడువు బాగా తగ్గుతుంది. పరీక్ష కిట్‌లో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపించాకే చేపల్ని తేవాలి. ఆ తర్వాత వారానికోసారి నీటిలో 25 నుంచి 30 శాతం తీసి కొత్త నీరు పోయాలి. తొట్టి మొత్తం ఖాళీ చేసి, రాళ్లు తోమి, స్పాంజిని కుళాయి కింద పిండి కడగడం మన ఇళ్లలో శుభ్రతగా భావిస్తారు. కుళాయి నీటిలోని క్లోరిన్ ఆ బ్యాక్టీరియాను చంపేస్తుంది, చేపలు మళ్లీ మొదటి రోజు పరిస్థితిలో పడతాయి. తొట్టిలోంచి తీసిన పాత నీటిలోనే స్పాంజిని రెండుసార్లు పిండితే చాలు.

మన నీళ్లు, మన ఎండలు

హైదరాబాద్ నల్లా నీరైనా, విజయవాడ కుళాయి నీరైనా క్లోరిన్ కలిసే ఇంటికి వస్తుంది. క్లోరిన్ మొప్పల్ని కాల్చేస్తుంది. బకెట్లో పట్టి ఒక రోజు ఎయిర్ పంప్ పెట్టి ఉంచితే అది పోతుంది. వ్యవధి లేకపోతే దుకాణాల్లో దొరికే యాంటీ క్లోరిన్ చుక్కలు వేయవచ్చు. వాటిలో సాధారణంగా ఉండేది సోడియం థయోసల్ఫేట్.

బోరు నీటి సంగతి వేరు. అందులో క్లోరిన్ ఉండదు, కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువ. గిన్నెల అడుగున తెల్లటి పొర కట్టించే నీరు అదే. దాని పీహెచ్ తరచూ 8 దగ్గర ఉంటుంది. అడవిలోని ఏంజెల్ 6 నుంచి 7 మధ్య పీహెచ్ ఉన్న మెత్తటి నీటిలో పెరిగినా, తరతరాలుగా ఫారాల్లో పుట్టిన చేపలు 7.5 దాటిన నీటికీ అలవాటు పడ్డాయి. కాబట్టి గట్టి నీటితో పెంచలేమన్న బెంగ అక్కర్లేదు. అయితే అమ్మోనియా విషయంలో ఇంకాస్త జాగ్రత్త కావాలి. నీటిలో అమ్మోనియా రెండు రూపాల్లో ఉంటుంది. విషపూరితమైన రూపం 25 డిగ్రీల దగ్గర పీహెచ్ 7 ఉన్నప్పుడు మొత్తంలో 0.6 శాతం లోపే. పీహెచ్ 8కి చేరితే అది 5 శాతం దాటుతుంది. అంటే పరీక్ష కిట్ ఒకే అంకె చూపినా బోరు నీటి తొట్టిలో ప్రమాదం తొమ్మిది రెట్లు ఎక్కువ.

నీటిని కాస్త మెత్తబరచాలనుకుంటే ఆర్‌ఓ నీటిని కొంత కలపవచ్చు. పూర్తిగా ఆర్‌ఓ నీటితో నింపితే లవణాలు లేక పీహెచ్ నిలకడగా ఉండదు. మరో తేలికైన సాయం వీధిలోనే ఉంది. మన ఊళ్లలో నీడకోసం పెంచే బాదం చెట్టు నుంచి రాలిన ఎండుటాకుల్ని కడిగి ఒకటి రెండు తొట్టిలో వేస్తే టానిన్లు దిగి నీరు తేయాకు రంగుకు తిరుగుతుంది. రియో నెగ్రో నల్లటి నీటికి రంగు పట్టేది ఇలాంటి కుళ్లిన ఆకుల సారంతోనే. పురుగుమందు కొట్టని చెట్టు నుంచి, తనంతట రాలిన ఆకునే తీసుకోవాలి.

ఉష్ణోగ్రత 25 నుంచి 29 డిగ్రీల మధ్య ఉంటే ఏంజెల్‌కు హాయి. హైదరాబాద్, ఆదిలాబాద్ వైపు డిసెంబరు రాత్రుల్లో తొట్టి నీరు 20 డిగ్రీలకు జారిపోతుంది. లీటరుకు సుమారు ఒక వాట్ చొప్పున హీటర్ ఉంటే సరిపోతుంది. విజయవాడ, రామగుండం లాంటి చోట్ల మే నెలలో సమస్య తలకిందులవుతుంది. నీరు వేడెక్కే కొద్దీ అందులో కరిగే ప్రాణవాయువు తగ్గుతుంది. 25 డిగ్రీల నీరు లీటరుకు సుమారు 8.3 మిల్లీగ్రాముల ఆక్సిజన్‌ను ఇముడ్చుకోగలిగితే 35 డిగ్రీల నీరు 7 మిల్లీగ్రాముల దగ్గరే ఆగిపోతుంది. వేడికి చేప ఒంట్లో ఆక్సిజన్ అవసరం మాత్రం పెరుగుతుంది. తొట్టి మూత తీసి నీటి మీదికి చిన్న ఫ్యాన్ తిప్పితే ఆవిరి వల్ల రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. ఐస్ ముక్కలు వేయడం వల్ల ఉష్ణోగ్రత ఒక్కసారిగా పడిపోయి కొత్త చిక్కు వస్తుంది. కరెంటు పోయినప్పుడు నడిచే బ్యాటరీ ఎయిర్ పంప్ ఒకటి ఇంట్లో ఉండటం మంచిది.

తిండి, తోటి చేపలు

మాటు వేసి తినే జీవి కాబట్టి ఏంజెల్‌కు మాంసాహారం వాటా ఎక్కువుండాలి. మంచి పెల్లెట్లు లేదా ఫ్లేక్స్ రోజువారీ మేతగా వేస్తూ, వారానికి రెండు మూడుసార్లు గడ్డకట్టించిన బ్లడ్‌వార్మ్ పురుగులు, ఆర్టీమియా అనే చిన్న ఉప్పునీటి జీవులు ఇవ్వాలి. మురుగు కాలువల నుంచి తెచ్చే బతికున్న ట్యూబిఫెక్స్ పురుగులతో రోగాలు కూడా వస్తాయి. రోజుకు రెండుసార్లు, రెండు నిమిషాల్లో తినేసేంత వేస్తే చాలు. మనిషి దగ్గరికి రాగానే ఏంజెల్ అద్దం దగ్గరికి పరుగెత్తుకొస్తుంది, అడిగినప్పుడల్లా వేస్తే మిగిలిన మేత కుళ్లి అమ్మోనియాగా మారుతుంది.

నోట్లో పట్టేంత చేప ఏదైనా దానికి తిండే. పిల్లలుగా ఉన్నప్పుడు నియాన్ టెట్రాలతో స్నేహంగా తిరిగిన ఏంజెల్, ఎదిగాక ఒక రాత్రిలో వాటిని మాయం చేస్తుంది. టైగర్ బార్బ్‌లది మరో సమస్య, అవి ఏంజెల్ పొడవాటి రెక్కల్ని కొరికి చీలికలు చేస్తాయి. అడుగున తిరిగే కోరిడోరాస్, కాస్త పెద్ద ఒళ్లున్న టెట్రాలు మంచి తోడు. గోల్డ్‌ఫిష్‌కు చల్లటి నీరు కావాలి కాబట్టి కలిపి ఉంచడం రెండిటికీ నష్టం.

చిన్నప్పుడు ఏంజెల్‌కు సొంత జాతి గుంపే రక్షణ. ఆ గుంపు పెద్దదా చిన్నదా అని అది పోల్చుకోగలదు కూడా. స్పెయిన్‌లోని ఒవియెడో విశ్వవిద్యాలయానికి చెందిన లూయిస్ గోమెజ్ లాప్లాజా, టొరంటో విశ్వవిద్యాలయానికి చెందిన రాబర్ట్ గెర్లాయ్ దీన్ని పరీక్షించి 2011లో ఫలితాలు ప్రచురించారు. కొత్త తొట్టిలో ఒంటరిగా వదిలిన ఏంజెల్‌కు రెండు వైపులా వేర్వేరు సంఖ్యలో చేపల గుంపులు చూపించారు. రెండు గుంపుల మధ్య తేడా రెట్టింపుకు దగ్గరగా ఉన్నప్పుడు అది పెద్ద గుంపు వైపే మొగ్గింది. తేడా బాగా తగ్గినప్పుడు ఆ మొగ్గు కనిపించలేదు. ఎన్ని ఎక్కువున్నాయన్న దానికన్నా ఎన్ని రెట్లు ఎక్కువున్నాయన్నదే దాని ఎంపికను నడిపించింది. మనుషులు లెక్కపెట్టకుండా ఒక చూపుతో అంచనా వేసేటప్పుడు కూడా ఇదే సూత్రం పనిచేస్తుంది.

అందుకే ఒక్క చేపనో రెండు చేపలనో కాక ఐదారు పిల్లల్ని ఒకేసారి కొనడం మేలు. రెక్కలు నిటారుగా, కళ్లు తేటగా ఉండి, చురుగ్గా మేతకొచ్చే వాటిని ఎంచుకోవాలి. ఇంటికి తెచ్చాక కవరును 20 నిమిషాలు తొట్టి నీటిపై తేలనిచ్చి, తొట్టి నీటిని కొద్దికొద్దిగా అందులోకి కలుపుతూ అలవాటు చేసి, చేపల్ని మాత్రమే వలతో తీసి వదలాలి. దుకాణం నీరు తొట్టిలోకి పోకూడదు. ఇంట్లో అప్పటికే చేపలుంటే కొత్తవాటిని రెండు మూడు వారాలు వేరే తొట్టిలో ఉంచాలి.

ఆ వ్యవధిలో ఎక్కువగా బయటపడేది ఇక్, ఒంటిపై ఉప్పు చల్లినట్టు కనిపించే తెల్లచుక్కలు. రొయ్యల చెరువుల్ని ముంచే తెల్లమచ్చల వ్యాధికి వైరస్ కారణం. చేపలకొచ్చే ఇక్ మాత్రం ఇక్తియోఫ్తిరియస్ అనే ఏకకణ పరాన్నజీవి పని. చర్మం కింద ఉన్నంతసేపు మందు దాన్ని తాకలేదు. బాగా ఎదిగాక అది చేపను వదిలి అడుగుకు జారి, వందలుగా విడిపోయి, కొత్త చేపను వెతుక్కుంటూ ఈదుతుంది. మందు పనిచేసేది ఆ ఈదే దశ మీదే. నీటిని నెమ్మదిగా 29, 30 డిగ్రీలకు పెంచితే ఆ చక్రం వేగంగా తిరిగి పరాన్నజీవి త్వరగా మందుకు చిక్కుతుంది. చుక్కలు మాయమైన రోజే మందు ఆపేయడం వల్ల చాలామందికి రోగం తిరగబెడుతుంది.

జంట కట్టాక

ఏంజెల్‌లో ఆడ మగ తేడా పైకి తెలియదు. ఆరేడు నెలల నుంచి ఏడాది లోపు వయసొచ్చాక గుంపులోంచి రెండు చేపలు విడిపోయి, ఒక మూలను సొంతం చేసుకుని, మిగతావాటిని తరమడం మొదలుపెడతాయి. గుడ్లు పెట్టే ముందు పొట్ట కింద చిన్న గొట్టం బయటికొస్తుంది. మగదానిది సన్నగా మొనదేలి, ఆడదానిది మొద్దుగా ఉంటుంది. ఒక్కోసారి రెండు ఆడ చేపలే జంటకట్టి గుడ్లు పెడతాయి, ఆ గుడ్లు ఫలించవు.

జంట ముందుగా ఒక నిలువు చోటును, వెడల్పాటి ఆకునో పలక రాయినో ఫిల్టర్ గొట్టాన్నో, నోటితో గంటల తరబడి శుభ్రం చేస్తుంది. పెంపకందారులు ఇందుకోసం పీవీసీ గొట్టం ముక్కను ఏటవాలుగా నిలబెడతారు. ఆడ చేప కింది నుంచి పైకి వరుసగా గుడ్లు అంటిస్తూ పోతుంటే మగ చేప వెనకాలే వెళ్లి ఫలదీకరణ చేస్తుంది. ఒక్క విడతలో వందల గుడ్లు పడతాయి. ఆపైన ఇద్దరూ వంతులవారీగా ఛాతీ రెక్కలతో వాటికి నీరు విసురుతారు. ఆక్సిజన్ అందించడానికే ఈ శ్రమ. తెల్లబడిన గుడ్డు ఫలించనిది, దానికి పట్టే బూజు పక్క గుడ్లకు పాకకుండా ఏరి తినేస్తారు.

27, 28 డిగ్రీల నీటిలో రెండు మూడు రోజుల్లో గుడ్లు పగులుతాయి. పిల్లలకు అప్పటికి ఈత రాదు. తలపై ఉన్న జిగురు గ్రంథులతో ఆకుకు అతుక్కుని తోక ఆడిస్తూ ఉంటాయి. జారిపడిన పిల్లను తల్లో తండ్రో నోటితో అందుకుని మళ్లీ ఆకుకు అంటిస్తుంది, ప్రమాదమనిపిస్తే అన్నిటినీ మరో ఆకుకు మారుస్తుంది. నాలుగైదు రోజులు పొట్టలోని సొనతో గడిపి పిల్లలు మబ్బులా లేచి ఈదుతాయి. అప్పుడు వాటికి కావాల్సింది అప్పుడే పొదిగిన ఆర్టీమియా. విశాఖ, కాకినాడ, నెల్లూరు తీరాల్లోని రొయ్య హేచరీలు పిల్లలకు పెట్టేది కూడా ఇదే. డబ్బాల్లో వచ్చే ఆ ఎండు గుడ్లు ప్రధానంగా అమెరికాలోని గ్రేట్ సాల్ట్ లేక్ నుంచి వస్తాయి. లీటరుకు 25, 30 గ్రాముల ఉప్పు కలిపిన నీటిలో గాలి కొడితే ఒక్క రోజులో పొదుగుతాయి.

మొదటిసారి గుడ్లు పెట్టిన జంట తరచూ వాటిని తినేస్తుంది. వెలుతురు, శబ్దం, తోటి చేపల బెదురు, అనుభవం లేకపోవడం అన్నీ కారణాలే. మరో రెండు వారాల్లో మళ్లీ పెడతాయి, క్రమంగా సాకడం నేర్చుకునే జంటలు చాలానే. ఫారాల్లో గుడ్లను తల్లిదండ్రుల నుంచి తీసి విడిగా పొదిగిస్తారు. చేపలను అమ్ముకునేవారికి అది తప్పదు. ఇంట్లో పెంచేవారు మాత్రం తల్లిదండ్రులకు ఒకటి రెండు అవకాశాలు ఇవ్వడం మంచిది. పొడవాటి రెక్కల రెండు చేపలు చుట్టూ గిరికీలు కొడుతూ పిల్లల మందను నడిపించడం అక్వేరియంలో చూడగలిగిన గొప్ప దృశ్యాల్లో ఒకటి.

ఒక జన్యువు, మూడు రంగులు

అడవి ఏంజెల్ వెండి రంగు మీద నల్ల చారలతో ఉంటుంది. దుకాణాల్లోని నలుపు, బంగారు, మార్బుల్, కోయి, ఘోస్ట్ రకాలన్నీ తొట్టెల్లో పుట్టిన జన్యు మార్పులను ఏరి పెంచిన ఫలితాలు. వీటిలో ఏ జన్యువు ఎలా పనిచేస్తుందో అమెరికాకు చెందిన జోఆన్ నార్టన్ ఏళ్ల తరబడి జతకట్టించి చూసి 1980లలో వరుస వ్యాసాలుగా రాశారు. నలుపు జన్యువు మంచి ఉదాహరణ. చేపలో అది ఒక్క ప్రతిగా ఉంటే రెక్కలపై జాలీ అల్లికతో బ్లాక్ లేస్ అవుతుంది. తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు ప్రతులూ వస్తే కాటుక నలుపు వస్తుంది. రెండు బ్లాక్ లేస్ చేపల్ని జతకడితే పిల్లల్లో సుమారు నాలుగో వంతు వెండివి, సగం లేస్, నాలుగో వంతు నల్లవి పుడతాయి. నల్లవి తోబుట్టువుల కన్నా నెమ్మదిగా పెరుగుతాయి. పదో తరగతి పుస్తకంలోని మెండెల్ బఠాణీల లెక్కను ఇంటి తొట్టిలో కళ్లారా చూడవచ్చు.

పెంచలేనప్పుడు

ఒక జంట నుంచి వందల పిల్లలు బతికితే వాటికి చోటు ఎక్కడన్నది ముందే తేల్చుకోవాలి. చుట్టుపక్కల దుకాణాలు, తోటి పెంపకందారులు తీసుకుంటామంటేనే పిల్లల్ని పెంచాలి. ఇల్లు మారినా, ఆసక్తి తగ్గినా, చేపల్ని చెరువులోనో కాలువలోనో వదలడం దయ కాదు. అద్దాలకు పట్టిన నాచు తింటుందని అమ్మే సక్కర్ ఫిష్ ఇందుకు సాక్ష్యం. తొట్టిలో పట్టనంత పెరిగాక జనం దాన్ని నీళ్లలో వదిలేస్తూ వచ్చారు. డెవిల్ ఫిష్ అని పత్రికలు రాసే ఆ చేప ఇప్పుడు మన చెరువులు, నదుల్లో గుడ్లు పెట్టి విస్తరిస్తోంది. దాని గట్టి ముళ్లకు జాలర్ల వలలు చిరుగుతున్నాయి. హైదరాబాద్‌లోని సీసీఎంబీకి చెందిన లాకోన్స్ శాస్త్రవేత్తలు నీటిలో కలిసిన డీఎన్‌ఏ ఆనవాళ్లను బట్టి తూర్పు కనుమల జలాశయాల్లో అది విస్తృతంగా పాకినట్టు గుర్తించారు.

తొట్టి మొక్కలకూ నత్తలకూ ఇదే నియమం వర్తిస్తుంది. వాటిని కాలువలో పడేయకుండా ఎండబెట్టి చెత్తలో వేయాలి. వారం వారం తీసే నీటిని మాత్రం పారబోయనక్కర్లేదు. మందులు కలపని రోజుల్లో అందులో ఉన్న నైట్రేట్ మంచి ఎరువు, బాల్కనీలోని తులసికీ కరివేపాకుకూ నేరుగా పోయవచ్చు.